ఆమె ఎక్కితేనే మిస్సింగ్

పెద్దవంగరలోని సుజాతక్కకు భూపాలపల్లి నుంచి చెల్లెలు రమ దండాలు పెట్టి రాస్తున్నది. బాపు ఎట్లా ఉన్నాడు? మోకాలి నొప్పికి దవాఖానకు తీసుకుపోయారా? బావ, పిల్లలు బాగున్నారా? మేమిద్దరం బాగానే ఉన్నాం, నువ్వేం పరేషాన్ కావద్దు. ఇవన్నీ ఫోన్లో చెప్పేదాన్నే. కానీ ఉన్నది ఒకటే గది, పక్కనే ఆయన.

తెలంగాణ కోసం ఇక్కడ బొగ్గుబావులు బంద్ పెట్టారు. దుమ్ము లేక ఆరేసిన బట్టలు తెల్లగా ఉంటున్నాయి. కూరగాయలు మాత్రం వాడిపోయినవే దొరుకుతున్నాయి. పక్కింటి అజీమా అక్క తప్ప నాకు మాట్లాడే మనిషి లేదు. అయినా బాగానే ఉన్నాను.

లారీలు తిరగక మీ మరిదికి రిపేరు షెడ్డులో పని లేదు. సేటు తన పాత పికప్ బండిని ఊరూరా ఉద్యమ పాటలు పాడే బృందానికిచ్చి, ఈయనను డ్రైవరుగా పంపాడు. నా బాధ అక్కడే మొదలైంది.

ఆ బృందంలో ముందు గొంతు స్వరూపది. జనగామ మనిషి. నాకంటే పొడుగు, నాకంటే ధైర్యం. డ్రైవరు పక్క సీట్లో కూర్చుంటుందని అజీమా అక్క చెప్పింది. ఈయనేమో రోజూ ఆలస్యంగా వస్తాడు. అడిగితే "బండి మిస్సింగ్ కొట్టింది" అంటాడు. నడుస్తూ నడుస్తూ ఇంజన్ దగ్గుతుందట, వణుకుతుందట, కాసేపటికి దానంతటదే బాగవుతుందట. మర్నాడు షెడ్డులో చూస్తే ఏ రోగమూ ఉండదు. ఫిల్టరు మార్చాడు. డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి చూశాడు. ఖాళీ బండిని పరకాల దారిలో తిప్పితే మెత్తగా నడిచింది. పాటలవాళ్లు ఎక్కాక మళ్లీ అదే కథ. ఎట్లా నమ్మమంటావు?

మొన్న సద్ది ఇవ్వడానికి షెడ్డుకు పోయాను. బానెట్ లేపి, ఆమె పాట కూనిరాగం తీస్తూ పని చేస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"షెడ్ల మంచిగుంటది, ఖాళీగ తిరిగితే మంచిగుంటది. గామె ఎక్కితేనే రోగమొస్తదా గీ బండికి?" అని సేటు ముందే అరిచాను.

కోపానికి వస్తాడనుకున్నాను. పానా పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చాడు.

"ఏమన్నవే? మల్ల అను."

"గామె ఎక్కితేనే..."

"గామె కాదే, లోడు! ఇన్నొద్దుల సంది నేను ఉత్త బండినే చూస్తున్న గద!"

వెంటనే బృందాన్ని పిలిపించాడు. ఇంజన్ దగ్గర డీజిల్ వచ్చే దారిలో, లోపల పారేది కనిపించేటట్టు తెల్లటి ప్లాస్టిక్ పైపు ముక్క పెట్టాడు. గాలి చొరబడితే బుడగలు వస్తాయి, చూస్తూ ఉండమని నన్నే నిలబెట్టాడు. డప్పులతో, మైకు డబ్బాలతో అందరూ ఎక్కారు. ఇంజన్ చక్కగానే తిరుగుతోంది.

పైనుంచి స్వరూప ఈయనను పిలిచి, "యాకన్నా, మేము గిట్ల బొమ్మల లెక్క కూసుంటమా? తొవ్వ పొడుగూత ఎగురుతం గద!" అంది. ఆ మాట కూడా ఆమెకే తోచాలా అనిపించింది.

డప్పు మోగింది. అందరూ ఎగిరారు. బండి వెనుక భాగం కిందికి దిగింది.

"బుడగలు! బుడగలొస్తున్నయ్!" అని నేను కేక వేసేసరికే ఇంజన్ దగ్గింది.

ఆయన బండి కింద దూరాడు. ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపు పగిలి ఉంది. బరువుకు బాడీ దిగితే పైపు సాగి, పగులు తెరుచుకుని గాలి పీలుస్తోంది. బరువు దిగితే మూసుకుపోతోంది. కొత్త పైపు వేసి, "రోగం దొరకవట్టింది మా రమనే" అని అందరికీ చెప్పాడు. అక్కా, నాకు ఏడుపొచ్చింది.

స్వరూప నా చెయ్యి పట్టుకుని, "వదినా, ముందట నువ్వు కూసో" అని తను వెనుక ఎక్కింది. కాళేశ్వరం దాకా బండి ఒక్కసారి కూడా దగ్గలేదు.

అక్కడ సభలో ఆమె పాడింది. ఆయన వైపు చూశాను, కళ్లు తడిగా ఉన్నాయి. నావీ తడిగానే ఉన్నాయి. ఆ మీదట నా కుళ్లు పోవాలి కదా? పోలేదు. ఆయన పక్కన ఆమె కూర్చుందని కాదు ఇప్పుడు. అంతమంది ముందు అట్లా నిలబడి పాడగలుగుతుందని. ఇంటికొచ్చినా ఆ గొంతే చెవుల్లో తిరిగి నిద్ర పట్టలేదు.

తెల్లారి స్వరూప దగ్గరికి పోయి "నేను గూడ పాడుత" అన్నాను. "రా వదినా, ఏం పాటొస్తది నీకు?" అంది. నాకు తోచినవన్నీ ఆమె పాడేవే.

అక్కా, నాట్లేసేటప్పుడు అవ్వ పాడిన పాటలు నీకు గుర్తున్నాయి కదా. ఒక్కటి పూర్తిగా రాసి పంపు. ఎంత పాతదైనా ఫరవాలేదు, ఆమెకు తెలియనిది కావాలి.

బావకు దండాలు, పిల్లలకు ముద్దులు. నా బదులు నువ్వే బాపు కాళ్లకు మొక్కి, నా మీద దీవెన ఉంచమని చెప్పు.

నీ చెల్లె
రమ