పసుపు చుక్కలు కనబడలేదు

తమ్ముడూ,

ఒంట్లో బాగానే ఉంది, కంగారుపడకు. కంటి సంగతి ఒకటి రాయాలి.

నేను పడవ మీద వెళ్లి, సన్నవల ముంచి తెచ్చే నీళ్లలో కంటికి ఆనని నాచు ఉంటుంది. మన ఎరువుల్లో ఉండే ఫాస్ఫేటునే అది గొలుసుల్లా పేర్చి లోపల దాచుకుంటుందట. చెరువు నాచు ఎంత దాచింది, సముద్రపు నాచు ఎంత దాచింది అని మా ల్యాబు మేడమ్ కొలుస్తారు. మొన్న దానికి రంగు పట్టించి, నన్నూ డ్రైవర్నీ పిలిచి మైక్రోస్కోపులో చూడమన్నారు. డ్రైవరు చూసి, "అబ్బో, గసగసాలంత పసుపు చుక్కలు! వీటికోసమా మన నడుములు విరుగుతున్నాయి?" అని నవ్వాడు. నేను కుడికన్ను ఆనించాను. మసక తప్ప ఏమీ లేదు. "కనబడ్డాయా బాబాయ్?" అని మేడమ్ అడిగితే "ఆఁ, అమ్మా" అనేశాను. ఎడమది ఎప్పుడో పోయిందని నీకు తెలుసు కదా, ఇప్పుడు కుడిదీ మసకబారుతోంది.

సీసాల మీద మంచినీళ్లో ఉప్పునీళ్లో రాసేది నేనే. అవి తారుమారైతే ఆవిడ కష్టమంతా మట్టిపాలు. అందుకని సోమవారం ఉన్నమాట చెప్పేస్తాను. చెబితే ఇక పడవ ఎక్కనివ్వరు. వాళ్లిచ్చిన గదీ ఖాళీ చేయాలి.

నీ కంటికి ఆపరేషన్ చేసిన డాక్టరు ఇంకా అక్కడే ఉన్నారా? మీ వెనక గది కురవడం ఆగిందా? నాకు ఆ గది చాలు. మరదల్ని అడుగు. మొహమాటానికి సరేననవద్దని చెప్పు. పిల్లలకు నా దీవెనలు. ఆమె ఏమందో ఉన్నదున్నట్టు, కాస్త పెద్ద అక్షరాలతో రాయి.

మీ అన్నయ్య