కాకి కూడా వాలని బీడు

జనవరి 19

నువ్వు ఆ నేల మీద ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. అయినా అది ఖాళీ అన్నావు. ఈ పుస్తకం నీ చేతికెలా వచ్చిందో తెలియదు, నాకనవసరం. నువ్వు కౌన్సిలర్‌వైనా, ఓటరువైనా, ఆదివారం మంగినపూడి బీచికి పోతూ కారు అద్దంలోంచి చూసినవాడివైనా నేరం ఒకటే. చూడకుండా చెప్పావు.

ఇవాళ మున్సిపల్ ఆఫీసు గోడకి నోటీసు అంటించారు. మంగినపూడి రోడ్డు పక్కన ఇరవై ఒక్క ఎకరాల మున్సిపల్ భూమి. పదకొండంతస్తుల ఆఫీస్ క్యాంపస్ కోసం ఒక కంపెనీకి ముప్పై మూడేళ్ల లీజు. 'ప్రస్తుత వినియోగం' అన్న గడిలో ఒకటే మాట: ఖాళీ.

అక్కడ ఎండుచేపల దిబ్బ ఉంది. అరవై మంది ఆడవాళ్లు దాని మీదే బతుకుతున్నారు. మా ఇంటికి ఎండు నెత్తళ్ళ చేపలు తెచ్చిచ్చే సులోచన వాళ్లలో ఒకతె.

అభ్యంతరాలు వినే కౌన్సిల్ సమావేశం ఫిబ్రవరి 13న. ఆ 'ఖాళీ'ని కౌన్సిల్ చేతే కొట్టేయిస్తాను.

జనవరి 22

మా వార్డు కౌన్సిలర్ శోభనాద్రి ఇంటికెళ్లాను. చుట్టరికం ఏమీ లేదు, ముప్పై ఏళ్లుగా బావా అంటే బావా. కాఫీ ఇచ్చి, బావా, నువ్వు అడ్డం పడని పని ఈ ఊళ్లో ఏదన్నా ఉంటే చెప్పు, దానికి నేనే కొబ్బరికాయ కొడతానన్నాడు. రెండు వేల ఉద్యోగాలట. మన పిల్లలు హైదరాబాద్ హాస్టళ్లలో నీళ్ల చారు తాగుతున్నారు, అది నీ సోషలిజానికి పట్టదా అని అడిగాడు.

పట్టింది. ఉద్యోగాలు వద్దని నేనెప్పుడన్నాను? ఆఫీసుకి నాలుగు గోడలూ ఏసీ ఉంటే చాలు, ఎక్కడైనా కడతారు. చేపకి ఎండ కావాలి, గాలి కావాలి, పక్కనే రేవు కావాలి. గుడివాడ రోడ్డులో మూతపడ్డ రైసు మిల్లుల స్థలాలున్నాయి కదా అంటే, అవి ప్రైవేటువి బావా, బోలెడు తలనొప్పి అన్నాడు. పేదవాళ్ల నేలకి మాత్రం తలనొప్పి ఉండదు.

జనవరి 23

కౌన్సిల్లో చదవడానికి అభ్యంతరం పన్నెండు పేజీలు రాశాను. బాగా వచ్చింది.

జనవరి 30, సాయంత్రం 5

అర్జీ పెట్టుకుంటే ప్రాజెక్ట్ ఫైలు చూడనిచ్చారు. నూట నలభై పేజీలు. అనుబంధం 7: 'స్థలం నిరుపయోగమని స్థానిక మేధావుల అభిప్రాయం.' దాని కింద ఒక పాత కరపత్రం జిరాక్స్.

'మంగినపూడి రోడ్డులో కాకి కూడా వాలని బీడు ఇరవై ఎకరాలు పడి ఉండగా, పేదవాడికి రెండు సెంట్ల చోటు లేదా?'

కింద పేరు: ప్రకాశరావు, ఎకనామిక్స్ లెక్చరర్.

నేనే. పద్నాలుగేళ్ల కిందట, ఇళ్ల స్థలాల పోరాటం రోజుల్లో రాశాను. సభలో చదివితే 'కాకి కూడా వాలని' అన్న చోట చప్పట్లు కొట్టారు. కొట్టారని ఇంకో రెండు సభల్లో కూడా వాడాను.

ఆ నేలని ఎప్పుడు చూశాను? బస్సు కిటికీలోంచి. మే నెలలో.

జనవరి 31

కిటికీలోంచి.

ఫిబ్రవరి 2, ఉదయం 7

దిబ్బ మీదికి వెళ్లాను. యాభై ఆరేళ్లొచ్చాక, మొదటిసారి.

నేలంతా వలలు పరిచి వాటి మీద నెత్తళ్ళు పోశారు. సులోచన ముందు చెప్పులు విప్పమంది, తర్వాతే పలకరించింది. కరపత్రం చదివి వినిపించాను. పగలబడి నవ్వింది. ఒసేయ్, ఇలా రండే, మేష్టారు ఏం రాశారో వినండి అని అందర్నీ పిలిచింది. కాకి వాలదంటండీ! ఊహ తెలిసినకాణ్ణుంచి ఈ చేతిలో కర్ర దించింది లేదు, కాకుల్ని తోలడానికే సరిపోతంది. తమరు రాసింది ఆ కాకులకి కూడా చదివి వినిపించండి, మాకు పని తప్పుద్ది అంది.

మే నెలలో చూశానన్నాను. నవ్వు ఆపింది. మేలో వేట నిషేధం కదండీ, బోట్లు కట్టేసుంటాయి, ఏం చేప ఎండేస్తాం? ఆ రెండు నెలలూ అదీ ఖాళీయే, మేమూ ఖాళీయే. ఖాళీగా ఉన్నోళ్లు లేనట్టేనా అని అడిగింది.

'సీజనల్ ఎంప్లాయ్‌మెంట్' అని బోర్డు మీద ఎన్ని వందలసార్లు రాశానో.

ఇది పోతే తారు రోడ్డు మీద ఎండేసుకోవాలంది. లారీ దుమ్మంతా చేపకే. దుమ్ము చేప ఎవరు కొంటారండీ, మీ ఆవిడే కొనరు అంది.

ఫిబ్రవరి 6

శోభనాద్రి ఫోన్. కౌన్సిల్లో నువ్వు లేస్తే అనుబంధం 7 చదువుతారు బావా, పరువు పోద్ది, ఇంట్లో కూర్చో అన్నాడు. బెదిరింపు కాదు, జాలి. అందుకే ఎక్కువ మండింది.

ఇళ్ల స్థలాల పోరాటం నాటి మా సంఘంవాళ్లు ఇంకో దారి చెప్పారు. జిరాక్స్ కాపీయే కదా, నేను రాయలేదనెయ్యమన్నారు. పది నిమిషాలు ఆలోచించాను. పది నిమిషాలు! అది కూడా ఇక్కడ రాసి పెడుతున్నాను.

ప్రసన్నలక్ష్మికి చెప్పాను. మా ఆవిడ బియ్యంలోంచి తలెత్తకుండానే, ఎదటివాళ్ల తప్పులకి పన్నెండు పేజీలు రాస్తారుగా, మీ తప్పుకి ఒక్క పేజీ రాయలేరా అంది.

పన్నెండు పేజీలూ చించేశాను.

ఫిబ్రవరి 13

కంపెనీ లాయరు తియ్యకముందే అనుబంధం 7 నేనే తీసి చదివాను. ఇది అబద్ధం, రాసింది నేను, చూడకుండా రాశాను అన్నాను. ఇంతకంటే పొట్టి ఉపన్యాసం నా జన్మలో ఇవ్వలేదు.

వెనక బెంచీలోంచి ఎవరో, మేష్టారు పద్నాలుగేళ్లకి తన పేపరు తనే దిద్దుకుంటున్నారన్నారు. హాలంతా నవ్వింది. గ్యాలరీలో సులోచన లేచి, ఆయన దిద్దుకున్నారు గదండీ, మీరూ దిద్దుకోండి అంది. కూర్చోమన్నారు. కూర్చోలేదు.

ఓటు జరగలేదు. అంశం ఈ నెల 27కి వాయిదా. గెలుపు కాదు, రెండు వారాల గడువు, అంతే. మీ డిమాండ్లేంటో ఒక్క కాగితం మీద రాసిమ్మన్నారు చైర్మన్ గారు.

గేటు దాకా శోభనాద్రి నా పక్కనే నడిచాడు. బావా అనలేదు. దిబ్బ మీదికి పొద్దున్నే ఎన్నింటికి వెళ్లాలని మాత్రం అడిగాడు.

ఫిబ్రవరి 14

ఇచ్చిన కాగితానికి నకలు:

1. అనుబంధం 7 పక్కన 'రాసినవాడు చూడలేదు' అని చేర్చాలి.

2. వినియోగం గడిలో 'ఖాళీ' కొట్టేసి 'ఎండుచేపల దిబ్బ' అని రాయాలి.

3. క్యాంపస్‌కి గుడివాడ రోడ్డు స్థలాలు పరిశీలించాలి.

4. ఓటుకి ముందు కౌన్సిలర్లందరూ దిబ్బ మీదికి రావాలి. ఉదయం ఏడింటికి. చెప్పులు విప్పి.

5. కాకి వాలిందో లేదో మినిట్స్‌లో రాయాలి.