బండి బాకీ ముందు

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

స్టూడియోకి ఫోన్ చేస్తే "సిగ్నల్ లేదక్కా" అంటావు. ఉత్తరానికి సిగ్నల్ అక్కర్లేదు కాబట్టి రాస్తున్నాను. ఫోటో తీస్తూ అందరినీ నవ్వమనేవాడివి నువ్వు. ఇంటి లోన్‌కి వెళితే నీ క్రెడిట్ స్కోరు చూసి బ్యాంకువాళ్లే నవ్వారట. ఇక మీదటైనా ఒళ్లు దగ్గర పెట్టుకో. వచ్చిన డబ్బులో ముందు వాయిదాలు, ఆ తర్వాతే సరదాలు. అన్నిటికంటే ముందు ఆ మోటారు సైకిలు బాకీ తీర్చు.

ఇట్లు,
అక్క

తా.క.: ఖర్చులు ఒక పుస్తకంలో రాసుకో. పుస్తకం కొనడానికి అప్పు చెయ్యకు.

---

అక్కకు నమస్కారాలు.

నువ్వు చెప్పినట్టే చేశాను, కాస్త మార్చి. బండి బాకీ చూస్తేనే కళ్లు తిరిగాయి. అందుకని టీవీ బాకీ, మిక్సీ బాకీ తీర్చేశాను. స్కోరు పెరిగిందో లేదో చూద్దామని ఇంటి లోన్‌కి దరఖాస్తు పెడితే కాదన్నారు. ఏదైనా నాలుగు చోట్ల అడిగి చూడమని చిన్నప్పుడు నువ్వే చెప్పావుగా, తొమ్మిది బ్యాంకుల్లో పెట్టాను.

నీ తమ్ముడు

తా.క.: మీ అద్దె ఇంట్లో వంటగది కొళాయి ఇంకా కారుతోందా? నువ్వూ ఒక ఇల్లు కొనుక్కోకూడదూ? పిసినారితనానికైనా హద్దుండాలి.

---

తమ్ముడూ,

ఆశీస్సులు ఈసారికి దాచుకుంటున్నాను. దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ స్కోరు ఇంకాస్త తగ్గుతుందిరా! జ్వరం తగ్గిందో లేదో చూద్దామని తొమ్మిదిసార్లు వానలో తడిసినట్టుంది నీ తెలివి. బండి బాకీ తీర్చు. ఇంకోసారి చెప్పించుకోకు.

అక్క

తా.క.: కొళాయి కారుతూనే ఉంది. ఆ నీళ్లు మీ బావ మొక్కలకు పోస్తున్నారు. ఇంటి ఓనరు ఎక్కడ బాగుచేయిస్తాడోనని ఆయన బెంగ.

---

అక్కా,

ఇది చదివి ఎగిరి గంతేస్తావు! పదో బ్యాంకులో దరఖాస్తు పెట్టలేదు, ఊరికే అడిగాను. వాయిదా తప్పని మనిషెవరైనా జతగా సంతకం పెడితే చూద్దామన్నారు. అలాంటి మనిషి నాకు ఒక్కరే తెలుసు. ఆదివారం ఫారం తెస్తాను. సంతకమే కదా, చెయ్యి అరిగిపోదు.

తమ్ముడు

తా.క.: బండి బాకీ అని మళ్లీ మొదలెట్టకు. దాన్ని అప్పిచ్చినవాళ్లు ఎత్తుకుపోయి రెండేళ్లు దాటింది. లేని బండికి ఎవరైనా డబ్బు కడతారా?

---

తమ్ముడికి,

ఫారం తేవద్దు. నా సంతకం ఏ బ్యాంకులోనూ చెల్లదు.

రెండేళ్ల కిందట మేమూ ఒక ఇల్లు చూశాం. రెండు గదులు, వంటగదిలో పెద్ద కిటికీ. అడ్వాన్సు కూడా ఇచ్చాం. బ్యాంకాయన కంప్యూటరు నా వైపు తిప్పాడు. నా పేరు కింద నీ బండి ఉంది, నువ్వు కట్టని పదకొండు వాయిదాలతో సహా. నువ్వది కొన్నప్పుడు హామీ సంతకం నాదే. ఆ రోజు కూడా ఇదే మాటన్నావు, సంతకమే కదా, చెయ్యి అరిగిపోదని.

లోన్ రాలేదు, అడ్వాన్సు పోయింది. నీ బాకీ నేనే తీరుద్దామంటే చేతిలో ఏమీ మిగల్లేదు. నీకు చెబితే కుమిలిపోతావని దాచాను. అప్పుడే చెప్పి ఉండాల్సింది. అది నా తప్పే.

అక్క

---

అక్కకు,

నాలుగు నెలలు నీకు రాయడానికి మొహం చెల్లలేదు. నిన్ను పిసినారి అన్నానే, ఆ మాట గుర్తొస్తే అన్నం సహించడం లేదు. రెండో కెమెరా అమ్మేశాను. బండి బాకీ తీరిన రసీదు ఇందులో పెట్టాను. స్కోరు కోలుకోవడానికి ఇంకా టైం పడుతుందట. ఆ ఇల్లు ఎక్కడో బావనడిగి వెళ్లి చూశాను. ఎవరో ఉంటున్నారు. కిటికీ నిజంగానే పెద్దది. ఇల్లు ముందు నువ్వు కొనాలి అక్కా. నా సంగతి తర్వాత.

తమ్ముడు

తా.క.: ఆదివారం కొళాయి బాగుచెయ్యడానికి వస్తున్నాను, బావకు నచ్చజెప్పు. వాషరు కొన్నాను. పుస్తకంలో రాశాను.