ఎర్తు తీగ

కడప, 8-3-1956, గురువారం రాత్రి

పొద్దున కారు కదలలేదు. మనవడు ఓబులేసు స్టార్టరు తొమ్మిదిసార్లు నొక్కాడు. దీపాలు మసకబారాయి తప్ప ఇంజను తిరగలేదు. మా ఆయన పోయినప్పటి నుంచి కారు మొండికేస్తే దాంతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదివి అర్థం చెప్పేది నేను, విప్పి బిగించేది వాడు. ఈరోజు వాడి పక్కన నేను కూర్చునే చోట కొత్త పెండ్లాం సుశీల కూర్చుంది. ఇంగ్లీషు నాకంటే వేగంగా చదువుతుంది.

బ్యాటరీ కొత్తది. లోపం బ్యాటరీని కారు ఇనుముకు కలిపే ఎర్తు తీగలో ఉంటుందని వసారాలో కూర్చున్న నాకు తోచింది. చెప్పలేదు. వాళ్లు బ్యాటరీ విప్పి కిందికి దించుతుంటే చూస్తూ ఊరుకున్నాను.

"అవ్వా, ఈడికొచ్చి ఒకసారి చూడు," అన్నాడు.

"చదువుకున్న పెండ్లాం పక్కనే ఉండాది కదప్పా, నేనెందుకు?"

"అవ్వకు కోపమొచ్చిండాది," అని వాడు నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

కాసేపటికి సుశీల పుస్తకం అంచున ఉన్న పెన్సిలు రాత పైకి చదివింది. "ముందు ఎర్తు తీగ చూడాలి. తుప్పు గీకి బిగించాలి. ఇది అవ్వ రాసిండేది."

వాడు గీకి, బిగించి, బ్యాటరీ మళ్లీ పెట్టాడు. కారు ఒక్క నొక్కుకే అందుకుంది.

సంతోషించవలసింది. కాని నేను రాసిపెట్టుకున్న మాటలే వాళ్లకు నా అవసరం లేకుండా చేశాయి. సాయంత్రం రబ్బరు పట్టుకుని ఆ పుస్తకం ముందేసుకున్నాను. డైనమో బెల్టు గురించి రాసుకున్న ఒక వరుస చెరిపేశాను. తర్వాతి వరుసకు చేయి రాలేదు.

రేపు అది మళ్లీ రాయాలి. రాస్తానో లేదో...