కోడిపుంజు బొమ్మ ఉన్న స్తంభం

హేగ్,
జూన్ నెల, ఆదివారం.

నాయనా మార్నిక్స్,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ, నా మోకాళ్ళూ, పక్కింటివాళ్ళు నాకు అంటగట్టిపోయిన పిల్లీ అందరం బాగానే ఉన్నాం. మాస్ట్రిక్ట్‌లో నువ్వూ, కోడలు యోలైనూ, నా బంగారు మనవరాలు ఫెన్నా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫెన్నా వేసి పంపిన పీత బొమ్మ ఫ్రిజ్‌కి అంటించాను. దానికి కాళ్ళు మరీ ఎక్కువయ్యాయి గాని ముద్దుగానే ఉంది.

నాలుగేళ్ళ పిల్లని ఏ బీచికి తీసుకెళ్ళాలని అడిగావు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాడివి నువ్వే నన్నడుగుతున్నావంటే, అక్కడ గుట్టల మధ్య కాపురం పెట్టి ఉప్పుగాలి పూర్తిగా మర్చిపోయావన్నమాట. సరే, విను.

స్ఖేవెనింగెన్ బీచికైతే ట్రాము ఇసుక దాకా వెళ్తుంది. కాని ఎండ కాసిన రోజున అక్కడ ఇసుక కనపడదు, మనుషులే. పైగా ఆ సముద్రపు పక్షులకి సిగ్గూ శరం లేవు. చిన్నప్పుడు నీ చేతిలోని హెర్రింగ్ చేపని తోకతో సహా ఎగరేసుకుపోతే నువ్వు ఏడ్చిన ఏడుపు చెప్పి చెప్పి మీ నాన్న నవ్వేవాడు. దక్షిణపు తీరం ప్రశాంతంగా ఉంటుంది గాని, ఇసుక దిబ్బల్లో చాలా దూరం నడవాలి, మరుగుదొడ్డి కూడా లేదు. యోలైన్ మొహం ఎలా పెడుతుందో నాకిప్పుడే కనిపిస్తోంది.

నా మాట వింటే కైక్‌డౌన్ బీచికి వెళ్ళండి. జనం తక్కువ, కాపలా ఈతగాళ్ళుంటారు, కాఫీ కూడా తాగేలాగే ఉంటుంది. వాళ్ళ గుడిసెకి కనిపించేలా కూర్చోండి. అలలు లేకుండా నున్నగా కనిపించే నీళ్ళలోకి పిల్లని దింపకు, లోపలికి లాగేది అక్కడే. ఇంకో మాట. తప్పిపోయిన పిల్లలు గాలికి ఎదురు నడవరు. గాలి ఎటు వీస్తే అటే వెతకాలి.

ఇక నీ రెండో ప్రశ్న. "చిన్నప్పుడు ఒక్కసారి కూడా మాతో బీచికి రాలేదు, ఎప్పుడూ తలనొప్పే అనేదానివి, ఈసారి ఫెన్నా కోసమైనా వస్తావా అమ్మా" అని రాశావు. నాకు జన్మలో తలనొప్పి రాలేదురా.

నీల్చె అని నీకొక పిన్ని ఉండేదని, నాలుగేళ్ళప్పుడే సముద్రంలో పోయిందని నీకు తెలుసు. మా ఇంట్లో అంతకుమించి ఎవరూ మాట్లాడేవారు కాదు. లైట్‌హౌస్ దాటాక ఉన్న తీరంలో, చదువురాని పిల్లలు గుర్తుపట్టడానికి స్తంభాలకి బొమ్మలు పెట్టేవారు. మాది కోడిపుంజు. "తప్పిపోతే పుంజు కింద నిలబడు, కదలకు, మేమే వస్తాం" అని వెళ్ళిన ప్రతిసారీ అమ్మ నీల్చెకి చెప్పేది.

ఆ రోజు సెప్టెంబరు. సీజను అయిపోయింది గాని ఎండాకాలంలాగే కాసింది. నీల్చె గవ్వలేరుకుంటూ కొంచెం అవతలికి వెళ్ళింది. ట్రాక్టరు వాళ్ళు వచ్చి, ఏటా చేసే పనే కనక, స్తంభాలన్నీ పీక్కుంటూ పోయారు. పుంజు స్తంభం గట్టిగా దిగబడిపోతే మా నాన్న లేచి వాళ్ళకి సాయం పట్టాడు. అమ్మ ఫ్లాస్కులోంచి కాఫీ పోసిచ్చింది. చక్కగా మాట్లాడుకున్నారు. ఒక్కరికీ తట్టలేదు. పిల్ల తిరిగొచ్చేసరికి పుంజు లేదు. అది పుంజుని వెతుక్కుంటూ నడిచిపోయింది. మళ్ళీ దొరకలేదు.

నువ్వు కడుపులో ఉండగా మీ నాన్న నన్ను గాలి మారుతుందని ఆ తీరానికే తీసుకెళ్ళాడు. ఆయన ఐస్‌క్రీమ్ కొనడానికి వెళ్ళాడు. పసుపు రంగు ఈతబట్టల్లో, జుట్టులోంచి నీళ్ళు కారుతూ, ఒక పిల్ల నా ముందుకొచ్చి నిలబడింది. "పుంజు ఎక్కడుంది" అంది. తర్వాత నా పొట్టకేసి చూసింది. చాలాసేపు చూసింది. ఆయన తిరిగొచ్చి ఎవరితో మాట్లాడుతున్నావన్నాడు. ఇసుక మీద నా అడుగులు తప్ప ఇంకెవరివీ లేవు. ఆ రోజు నుంచి నువ్వు వెళ్ళిన ఏ తీరానికీ నేను రాలేదు.

నీ ఉత్తరం చూశాక, ఇన్నేళ్ళయింది కదా, అదంతా నా పిచ్చేమోనని ధైర్యం చేసి మళ్ళీ అక్కడికి వెళ్ళాను. ఉంది. ఇంకా నాలుగేళ్ళే. నన్ను గుర్తుపట్టలేదు.

"అవ్వా, పుంజు ఎక్కడుంది? అమ్మ అక్కడే నిలబడమంది."

"ఇక్కడే, నా పక్కన నిలబడు తల్లీ. ఇక్కడికే వస్తారు" అన్నాను.

నా వేలు పట్టుకుంది. ఆ చెయ్యి తడి ఇసుక నింపిన సంచీలాగా బరువుగా ఉంది. పోటు వచ్చేదాకా నిలబడి, "రేపు కూడా వస్తావా" అంది. వస్తానన్నాను. అప్పట్నుంచీ రోజూ వెళ్తున్నాను. నీకు జవాబు ఆలస్యమైంది అందుకే. నాకు మతి పోయిందని డాక్టరుకి ఫోను చెయ్యకు. అది నా చెల్లెలు. ఇన్నాళ్ళు ఒంటరిగా నిలబడింది.

నా భయం నా కోసం కాదు. నిన్న అది నా చెయ్యి ఊపుతూ, "నీకు పిల్లలు లేరా అవ్వా? ఆడుకోడానికి తీసుకురా" అంది.

లేరన్నాను. "మనవరాలు కూడా లేదా" అంది. లేదన్నాను. నా మొహంలోకి, అప్పుడు నా పొట్టకేసి చూసినట్టే చూసింది. నమ్మిందో లేదో నాకు తెలీదు.

అందుకని ఫెన్నాని కైక్‌డౌనే తీసుకెళ్ళు. నన్ను రమ్మని బతిమాలకు. మీ పక్కన నేను ఏ సముద్రం ఒడ్డునా కనపడకూడదు. నీళ్ళ దగ్గర ఫెన్నా చెయ్యి వదలకు. అక్కడ నానమ్మ మాట ఎత్తనివ్వకు. ఎవరైనా పిల్ల వచ్చి అడిగితే, నీకు అమ్మ లేదని చెప్పు.

ఇట్లు,
నీ కన్నతల్లి