అక్క పద్యాలు, నా పద్యాలు

అశోక్‌నగర్,
ఆదివారం.

పూజ్యులైన నాన్నగారికి త్రివేణి నమస్కారాలు.

క్షేమ సమాచారం లేకుండా మొదలుపెట్టిన ఉత్తరం మీకు నచ్చదు. నేను క్షేమం. కరీంనగర్‌లో మీరు, జయశ్రీ అక్క, బావ, అనుదీప్ క్షేమమని తలుస్తాను. చిక్కడపల్లిలో మా అత్తగారింటి వాళ్ళు కూడా క్షేమంగానే ఉండి ఉంటారు. పైన చిరునామా మారిందేమని మీరు కళ్ళద్దాలు సవరించుకుంటారని తెలుసు. ఆ సంగతి చివర రాస్తాను. ముందు మీరు అడిగినవాటికి జవాబులు.

నా కాలు గురించి అడిగారు. చిన్నప్పుడు మేడమెట్ల మీంచి పడి దెబ్బతిన్న కాలు కదా, చలికి కాస్త ఎక్కువే ఈడుస్తున్నాను. నారాయణగూడలో మా కాలేజీ వాళ్ళు ఈ ఏడు నా క్లాసులన్నీ మూడో అంతస్తులో వేశారు. లిఫ్టు ఉంది, ప్రిన్సిపాల్ గారి కోసం. నేను మెట్లెక్కి వచ్చేదాకా పిల్లలు మాత్రం గోల చేయకుండా కూర్చుంటున్నారు.

ఇక మీ మనవడు అనుదీప్ సంగతి. డిగ్రీ పరీక్షలో రెండు పద్యాలిచ్చి పోల్చమంటే ఏం రాయాలో తోచక ఆ ప్రశ్నే వదిలేసి వచ్చాడని రాశారు. ఇన్నేళ్ళుగా తెలుగు పాఠాలు చెప్తున్నావు, వాడికి అర్థమయ్యేట్టు రాసి పంపు అన్నారు. రాస్తున్నాను. వాడికి చదివి వినిపించే ముందు మీరొక్కరే ఒకసారి చదువుకోండి.

పేపర్లు దిద్దేటప్పుడు నాకు ఒళ్ళు మండేది ఒక్క చోటే. మొదటి పద్యం భావం ఒక పేజీ, రెండో పద్యం భావం ఒక పేజీ రాసి, అడుగున ‘కావున రెండు పద్యాలూ వేటికవే గొప్పవి’ అని గీత కొడతారు. గైడ్లలో అట్లాగే ఉంటుంది. అది పోల్చడం కాదు, రెండిళ్ళకు వెళ్ళి రెండు కాఫీలు తాగి రావడం. ఎవరినీ నొప్పించకుండా తప్పించుకునే రాత. మనింట్లోనూ అంతే కదా నాన్నా. ఎవరడిగినా ఇద్దరు బిడ్డలూ నాకు రెండు కళ్ళు అనేవారు మీరు.

పోల్చడమంటే రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని, ఒకే ప్రశ్న రెండింటినీ అడగాలి. ఉదాహరణ కోసం నేను వెతుక్కోనక్కర లేకపోయింది. మీ ఎనభయ్యో పుట్టినరోజుకు అక్క మీ పద్యాలు పుస్తకంగా వేయిస్తోందని, మా ఇద్దరి పెళ్ళిళ్ళలో మీరు రాసి చదివిన పంచరత్నాలు అందులో ఉండాలని రాశారు కదా. నావి మీ దగ్గర లేవు, మా అత్తగారింటి హాల్లో ఫ్రేము కట్టి ఉన్నవి పంపమన్నారు. అక్క తనవి చూడమని నాకు ఫోన్లో ఫొటో తీసి పంపింది. రెండూ పక్కపక్కన చేరింది అట్లా.

ముందు రెండింటికీ కలిసే చోటు చెప్పాలి. రెండూ ఒకే తండ్రి రాశాడు. రెండూ పెళ్ళికూతుళ్ళ మీదివే, రెండూ ఐదేసి పద్యాలు, రెండూ దీవెనతో ముగుస్తాయి. ఇంతవరకు ఎవరైనా రాస్తారు, కొన్ని మార్కులు పడతాయి. అసలు పని తర్వాత మొదలవుతుంది. ఈ పద్యాలు ఎవరిని చూసి రాసినవి అని రెండింటినీ అడగమనండి. జవాబు తన నోటి నుంచి చెప్పకూడదు, పద్యంలోని మాట తీసి చూపించాలి.

అక్క పద్యాల్లో కూరలో ఉప్పెక్కువైందంటే నవ్వి మజ్జిగ పోసే పిల్ల ఉంది. వానలో పుస్తకాలను పరికిణీలో చుట్టుకొని తాను తడిసి వచ్చిన పిల్ల ఉంది. చదువుతుంటే జయశ్రీ అక్క వచ్చి ఎదురుగా నిలబడుతుంది. నా పద్యాల్లో తామర కళ్ళు, నిండు చంద్రుడి ముఖం, హంస నడక ఉన్నాయి. అవి అయ్యేసరికి రెండు పద్యాలు. తక్కిన మూడూ మా మామగారు కిషన్ రావు గారి వంశం మీద.

హంస నడక నాన్నా. మైకులో మీరు ఆ మాట చదివినప్పుడు వెనక వరసలో ఎవరో నవ్వారు. అంతకు ముందే నేను అందరి ముందూ నడిచి వచ్చి పీటల మీద కూర్చున్నాను. ఆ పద్యాలు మీరు నన్ను చూసి రాయలేదు, మామగారి ముఖం చూసి రాశారు. కాలు ఈడ్చే పిల్లను చేసుకుంటున్నారన్న కృతజ్ఞత ఐదింటిలోనూ ఉంది. పెళ్ళినాడు ఈ ముక్క చెప్పడం నాకు చేతకాలేదు. ఇప్పుడు ఇదే పాఠం చెప్పి జీతం తీసుకుంటున్నాను.

చిరునామా సంగతికి వస్తాను. పోయిన నెల మామగారి స్నేహితులు వచ్చారు. ఎవరొచ్చినా ఆయన ఆ ఫ్రేము ముందు నిలబెట్టి పద్యాలు చదివి వినిపిస్తారు, తన వంశం ఉంది కదా. హంస నడక దగ్గరికి వచ్చేసరికి మీ అల్లుడు ఉదయ్ కుమార్ సోఫాలోంచి, “హంసనే గని, మా హంస జర కుంటది” అన్నాడు. అందరూ నవ్వారు. నేను టీ కప్పులు పెట్టి, “మామయ్యా, ఇగ అది చదవకండి” అన్నాను. “మా బాపుకే ఎదురు చెప్తవా” అని ఉదయ్ లేచి వచ్చి అందరి ముందూ నా చెంప మీద కొట్టాడు. వచ్చినవాళ్ళు టీ తాగి వెళ్ళారు.

అది మొదటిసారి కాదని మీకు తెలుసు. మొదటిసారి కొట్టినప్పుడు మీకే రాశాను. మీరు ఓర్పు మీద ఒక పద్యం రాసి పంపారు. ఛందస్సు ఎక్కడా తప్పలేదు.

మర్నాడే నా బట్టలు సర్దుకున్నాను. ఫ్రేములోంచి కాగితం తీస్తుంటే మామగారు వచ్చి, “పోతే పో బిడ్డా, అదెందుకు తీస్తున్నవ్? గోడ బోడిగ కనబడ్తది” అన్నారు. కాగితం తీసుకొని ఫ్రేము మళ్ళీ మేకుకు తగిలించాను. ఇక్కడ అశోక్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో ఉంటున్నాను. అందరూ సర్కారు నౌకరీ పరీక్షలకు చదివే పల్లెటూరి పిల్లలు. “నౌకరీ ఉన్నదానివి నువ్వెందుకొచ్చినవ్ అక్కా” అని మొదట్లో అడిగేవారు, ఇప్పుడు అడగడం లేదు. మళ్ళీ ఆ ఇంటికి నేను వెళ్ళను. విడాకులకు వకీలుతో మాట్లాడాను.

నా పక్క మంచం శ్రీదివ్య లెక్చరర్ ఉద్యోగానికి చదువుతోంది. పోల్చడం నేర్పమని తనూ అడిగితే, ఎవరివో చెప్పకుండా మీ పద్యాలే రెండూ ఇచ్చాను. మెస్సులో అన్నం తింటూ చదివింది.

“అక్కా, రెండోదాంట్ల పిల్ల ఎవలైనా కావచ్చు. వంశం పేరు తీసేస్తే ఎవల పెండ్లిలనైనా చదువొచ్చు. గని మొదటిదాంట్ల ఇంకో పిల్ల ఉంది చూడు. కాలు నొస్తుందంటే అక్క వీపు మీద ఎక్కించుకొని బడికి తీస్కపోతది. ఆ చెల్లె ఎవలు?”

ఎన్నిసార్లు చదివినా ఆ పద్యాన్ని అక్క మంచితనానికి రుజువుగానే చూశాను. కాలు నొస్తుందని ఏడ్చిన పిల్లను మీరు చూశారు నాన్నా. చూసినదాన్ని రాశారు కూడా, కానీ నా పెళ్ళిలో కాదు, అక్క పెళ్ళిలో. నా పెళ్ళికి వచ్చేసరికి ఆ పిల్లను దాచేశారు. “నేనే” అని శ్రీదివ్యకు చెప్పాను. ఆ అమ్మాయి తన పెరుగు కప్పు నా పళ్ళెం పక్కన పెట్టింది.

అనుదీప్‌కు చెప్పండి, వ్యాసం చివర భయపడకుండా తేల్చి చెప్పాలి. రెండూ గొప్పవే అని రాయకూడదు. నా పద్యాలు ఈ కవరులోనే పెట్టాను, మీ కాగితం మీకు చేరాలి కనుక. పుస్తకంలో మాత్రం వేయకండి. అక్కవి వేయండి చాలు, నేను వాటిలో ఉన్నాను.

మీ పుట్టినరోజు పండుగకు మామగారి కుటుంబాన్ని కూడా పిలుస్తానని రాశారు. వాళ్ళు వస్తే నేను రాను. వాళ్ళను పిలవడం మానేసి నన్ను రమ్మంటారో, ఊళ్ళో వాళ్ళు ఏమనుకుంటారోనని నన్నే ఆగిపొమ్మంటారో మీరే తేల్చండి. ఫోన్లో మీకు సరిగ్గా వినపడదు, అందుకే ఇంత రాశాను. జవాబు ఒక్క వాక్యం చాలు. ఈసారి పద్యం మాత్రం రాయకండి.

ఇట్లు,
అక్క వీపు మీది మీ చిన్న బిడ్డ,
త్రివేణి