ఆనె మీద బ్లేడు పెట్టకు

చిన్నీ,

బకెట్లో వేడినీళ్ళు పోసి మూతపెట్టాను. నువ్వొచ్చేసరికి గోరువెచ్చగా ఉంటాయి. కాళ్ళు కాసేపు నాననిచ్చి, ఆనెను రాయితో మెల్లగా రుద్దు. అంతేగాని మళ్ళీ బ్లేడు పట్టావో, ఊరుకోను. పోయినసారి కోసుకున్నది ఇప్పుడిప్పుడే మానింది. ఉన్న నొప్పి చాలదని గోరుచుట్టు మీద రోకటిపోటు ఎందుకే? వేళ్ళ సందులు తడిలేకుండా తుడుచుకుని, మడమల పగుళ్ళకు వాజిలైన్ రాసి, సాక్సులు వేసుకుని పడుకో.

ఇదంతా చేస్తే తగ్గుతుందా అంటే, తగ్గదు. రేపు మళ్ళీ మీ చెప్పుల షాపు ఓనరు అమ్ముడుపోని జోడొకటి నీ కాళ్ళకు తొడిగించి, కొనేవాళ్ళ కళ్ళబడేలా పొద్దంతా నిలబెడతాడు. ఇరుకుగా ఉన్నాయని చెబితే "తొడుక్కోగా తొడుక్కోగా అవే వదులవుతాయిలేమ్మా" అన్నాడటగా! నిజమే, వదులవుతాయి. వదులవగానే తుడిచి అమ్మేస్తాడు. నీకు మళ్ళీ ఇంకో ఇరుకు జోడు.

మానేయమని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. ఆస్పత్రిలో డ్యూటీకి టైమవుతోంది. వెళ్తున్నా.

అమ్మ

బకెట్లో నీళ్ళు పారబోయకు. చల్లారినా పర్లేదు, పొద్దున వచ్చి నా కాళ్ళూ అందులోనే పెట్టుకుంటాను.